జపాన్‌లో ఒకే ఒక్క బాణసంచా రాత్రి: ఏ ఊరు వెళ్లాలి, గట్టు మీద ఎక్కడ కూర్చోవాలి

జపాన్ బాణసంచా పండుగల పోస్టర్ల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది గుండ్ల (ఆకాశంలోకి కాల్చే బాణసంచా బంతుల) లెక్క. ఆ లెక్క చూసి ఊరు ఎంచుకుంటే నిరాశే మిగిలే ప్రమాదం ఉంది. టోక్యోలో సుమిదా నది మీద సుమారు 20,000 గుండ్లు లేస్తాయి. కానీ రెండు గట్ల మీదా ఇళ్లు కిక్కిరిసి ఉండడంతో అక్కడ వాడే గుండ్లలో పెద్దది 5వ నంబరే. అదే నీగాతా జిల్లాలోని కతకాయి అనే చిన్న ఊళ్లో ఒకే ఒక్క గుండు కోసం జనం రాత్రి పదింటి దాకా కొండ కింద కూర్చుంటారు.

పేరున్న ప్రతి పండుగకూ దాన్ని నిలబెట్టిన ప్రదర్శన ఒకటి ఉంటుంది. ఒకచోట అది యుద్ధంలో పోయినవాళ్ల కోసం పుట్టింది, ఒకచోట పనివాళ్ల పోటీలోంచి, ఇంకోచోట గుడి మొక్కులోంచి. ఆ పుట్టుక తెలిస్తే మిగతా సంగతులు దాన్నుంచే తేలతాయి: ప్రదర్శన ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, దగ్గర కూర్చోవాలా దూరంగానా, టికెట్ మీద డబ్బు పెట్టడం దండగా కాదా. ఈ సలహా అంతా ఆ కొలతతోనే.

ముందు నంబర్ల సంగతి

గుండు నంబరు అంటే జపాన్ పాత కొలత "సున్". ఒక సున్ 3.03 సెంటీమీటర్లు, పది సున్‌లు ఒక షాకు. అంటే 10వ నంబరు గుండు ఒక షాకు గుండు, 30వ నంబరు మూడు షాకుల గుండు. ఈ కొలత గొట్టం లోపలి వ్యాసానిది. గుండు గొట్టంలో జారాలి కాబట్టి 10వ నంబరు గుండు 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువే ఉంటుంది, బరువు సుమారు 8.5 కిలోలు.

ఎంపికకు అసలు పనికొచ్చే లెక్కలు ఇవి. 4వ నంబరు గుండు 160 మీటర్ల ఎత్తుకు వెళ్లి 130 మీటర్ల మేర విచ్చుకుంటుంది. 5వ నంబరుది 190 మీటర్ల ఎత్తు, 170 మీటర్ల పువ్వు. 10వ నంబరు 330 మీటర్ల ఎత్తులో 320 మీటర్ల పువ్వు పూస్తుంది. మూడు షాకుల గుండు 600 మీటర్లు ఎక్కి ఇంచుమించు అంతే వ్యాసంలో తెరుచుకుంటుంది. గుండు తయారీని బట్టి ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

మన తారాజువ్వ తన మందుతో తానే ఎగురుతుంది. జపాన్ గుండుకు ఆ శక్తి లేదు. గొట్టం అడుగున వేసిన మందు దాన్ని పైకి నెడుతుంది, ఆ పోయేంతసేపూ గుండు లోపలి వత్తి కాలుతూ ఉంటుంది. శిఖరానికి చేరేసరికి వత్తి మధ్యలోని చీల్చే మందును అంటిస్తుంది. ఆ చీల్చే మందు వడ్ల పొట్టుకో పత్తి గింజలకో తుపాకిమందు పూత పట్టించి చేసినది. దాని చుట్టూ పేర్చిన మందు ఉండలు ఒకేసారి అంటుకుని అన్ని దిక్కులకూ చిమ్ముతాయి. తోక వదులుతూ చిమ్మితే "కికు", అంటే చామంతి. తోక లేకుండా రంగు చుక్కలుగా చిమ్మితే "బోతన్".

దూరం లెక్కకు ఒక సులువు ఉంది. చేయి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. 4వ నంబరు గుండ్ల ప్రదర్శనను 300 మీటర్ల నుంచి చూస్తే మూడు పిడికిళ్ల ఎత్తులో ఉంటుంది. 1.5 కిలోమీటర్ల నుంచి చూస్తే పిడికిలి చాటునే పోతుంది. మూడు షాకుల గుండు మాత్రం 2 కిలోమీటర్ల దూరంలోనూ పిడికిలిన్నర పైనే ఉంటుంది. కింద చెప్పే సీట్ల సలహాలన్నిటికీ ఈ లెక్కే ఆధారం.

నగావోకా: ఆగస్టు 2, 3

నీగాతా జిల్లాలో షినానో నది మీద జరిగే ఈ పండుగ తేదీలు వారాన్ని బట్టి మారవు. ఆగస్టు 2, 3 మంగళ బుధవారాలైనా అప్పుడే జరుగుతుంది, వాన పడినా జరుగుతుంది. తేదీలు కదలకపోవడానికి కారణం 1945. ఆ ఏడాది ఆగస్టు 1 రాత్రి 10:30కు మొదలైన అమెరికా విమానదాడిలో ఊరు పదింట ఎనిమిది పాళ్లు కాలిపోయింది, 1,480 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది అదే రోజున ఊరి పునర్నిర్మాణ పండుగ జరిపారు. 1947లో బాణసంచా తిరిగి మొదలైంది. ఊళ్లో బాణసంచా అంతకు ముందూ ఉంది. 1879లో హచిమాన్ గుడి ఉత్సవంలో 350 గుండ్లు కాల్చిన లెక్క దొరుకుతుంది, 1926లో మొదటి మూడు షాకుల గుండు లేచింది. కానీ ఇవాళ జనం చూసేది 1945 తర్వాతి పండుగను.

ఇక్కడ పేరుమోసిన ప్రదర్శనలు మూడు. వాటిని ఒకే తీరున చూడకూడదు.

మొదటిది షిరాగికు, తెల్ల చామంతి. ఏటా ఆగస్టు 1 రాత్రి సరిగ్గా 10:30కు, దాడి మొదలైన వేళకు, ఊరి గుళ్లలో గంటలు మోగుతుండగా మూడు తెల్ల గుండ్లు లేస్తాయి. రంగుల్లేవు, సంగీతం లేదు. 2, 3 తేదీల ప్రదర్శనలు మొదలయ్యేదీ వీటితోనే. ఈ గుండును రూపొందించిన కసే సెయిజీ యుద్ధం తర్వాత సైబీరియాలో బందీగా ఉండి వచ్చిన బాణసంచా నిపుణుడు. అక్కడే చనిపోయిన తోటివాళ్ల కోసం 1990లో ఖబరోవ్‌స్క్‌లో అమూర్ నది మీద దీన్ని కాల్చారు. 2015 ఆగస్టులో పెర్ల్ హార్బర్ మీదా ఇదే తెల్ల చామంతి పూసింది. వీలుంటే ఆగస్టు 1 సాయంత్రానికే ఊరు చేరుకోండి. ఆ మూడు గుండ్లకు టికెట్ అక్కర్లేదు. అవి చూసి మర్నాడు గట్టు మీద కూర్చున్నవాళ్లకు పండుగ వేరేగా అర్థమవుతుంది.

రెండోది మూడు షాకుల గుండు, "సన్షాకు దామా". వ్యాసం 90 సెంటీమీటర్లు, బరువు సుమారు 300 కిలోలు. కాల్చే ముందు సైరన్ మోగుతుంది. లేచాక ఇంచుమించు పది సెకన్ల పాటు ఒక సన్నటి నిప్పుచుక్క ఎక్కుతూ ఉంటుంది. చాలామంది ఈ ఘడియలోనే ఫోను సరిచేసుకుంటూ అసలు విచ్చుకోవడాన్ని పోగొట్టుకుంటారు. మీరు 800 మీటర్ల దూరంలో ఉంటే గుండు పేలే చోటు 600 మీటర్ల ఎత్తుతో కలిపి సరిగ్గా కిలోమీటరు దూరం, అంటే వెలుగు తర్వాత మూడు సెకన్లకు చప్పుడు. చెవులకన్నా ముందు ఛాతీకి తగులుతుంది. పసిపిల్లలుంటే సైరన్ వినగానే వాళ్ల చెవులు మూయాలి.

మూడోది ఫీనిక్స్. 2004 అక్టోబరు 23న చుయెత్సు భూకంపం వచ్చింది, తీవ్రత 6.8. అదే ఏడాది జూలైలో వరదలు. మరుసటి ఆగస్టులో, 2005లో, ఊరు మళ్లీ లేస్తుందని చెప్పడానికి విరాళాలతో ఫీనిక్స్ మొదలుపెట్టారు. భూకంపం రోజుల్లో జనం స్థానిక రేడియోకు పదేపదే అడిగి వేయించుకున్న పాటనే దీనికి పెట్టారు. ఇప్పుడు ఇది నది పొడవునా సుమారు 2 కిలోమీటర్ల వరసలో, దాదాపు 5 నిమిషాలు సాగుతుంది.

టికెట్ విషయంలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. దగ్గరి సీటే మంచి సీటనుకుంటారు. 2 కిలోమీటర్ల వరసకు 400 మీటర్ల దూరంలో, సరిగ్గా మధ్యలో కూర్చున్నా ఈ చివరి నుంచి ఆ చివరికి 136 డిగ్రీలు. తల అటు తిప్పితే ఇటు పోతుంది. కిలోమీటరు దూరానికి వెనక్కి జరిగితే అది 90 డిగ్రీలకు దిగుతుంది, మొత్తం రెక్కలు ఒక్క చూపులో పడతాయి. కాబట్టి ఫీనిక్స్ కోసం వెళ్లేవాళ్లు ముందు వరస సీట్ల కోసం తాపత్రయపడక్కర్లేదు. వెనక వరసలు చవక, ఈ ఒక్కదానికి అవే మేలు. మూడు షాకుల గుండు దెబ్బ ఒంటికి తగలాలనుకుంటే మాత్రం ముందుకు వెళ్లండి. రెండూ ఒకే సీటు నుంచి సంపూర్ణంగా దొరకవు, ఏది కావాలో టికెట్ కొనే ముందే తేల్చుకోండి. రెండు రాత్రుల్లోనూ పెద్ద అంశాలు ఇంచుమించు అవే కాబట్టి ఒక్క రాత్రి చాలు.

స్టేషన్ ఉన్నది నది కుడి గట్టు వైపు, నడిస్తే అరగంట. ఎడమ గట్టు మీద టికెట్ దొరికితే వెళ్లేటప్పుడు ఇబ్బందేమీ ఉండదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం జనమంతా వంతెనల మీదే చిక్కుకుంటారు. షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) పట్టుకోవాల్సినవాళ్లు కుడి గట్టుకే కట్టుబడి ఉండాలి. టోక్యో నుంచి గంటన్నర, గంటా నలభై నిమిషాల ప్రయాణం. ప్రత్యేక రైళ్లు వేస్తారు, కానీ ప్లాట్‌ఫాం చేరడానికే పెద్ద వరస.

ఓమగారి: ఆగస్టు చివరి శనివారం

అకితా జిల్లా దైసెన్ నగరంలోని ఓమగారి పండుగ పుట్టుకే పోటీ. 1910లో సువా గుడి ఉత్సవానికి అనుబంధంగా ఈశాన్య జిల్లాల బాణసంచా పనివాళ్ల పోటీగా మొదలై 1915లో జాతీయ స్థాయికి ఎదిగింది. గుండు తయారుచేసినవాళ్లే వచ్చి తమ చేతులతో కాల్చాలన్నది ఇక్కడి పట్టుదల. దేశమంతటి నుంచి ఎంపికైన సుమారు 28 జట్లు ఒమోనో నది ఒడ్డున వరసగా తమ పని చూపిస్తాయి.

దీని వల్ల ప్రేక్షకుడికి కలిగే తేడా పెద్దది. నగావోకాలో ఆకాశం నిండిపోతుంది. ఓమగారిలో ఒక గుండు లేస్తుంది, పూస్తుంది, ఆరిపోతుంది, ఇంకో గుండు లేస్తుంది. ఏం చూడాలో తెలియనివాళ్లకు గంట గడిచేసరికి విసుగు పుడుతుంది. తెలిసినవాళ్లకు దేశంలో ఇంతకు మించిన రాత్రి లేదు. అందుకే ఇక్కడికి వెళ్లే ముందు ఒక పావుగంట ఈ చదువు చదువుకోవాలి.

10వ నంబరు గుండులో న్యాయనిర్ణేతలు చూసేవి మీరూ చూడవచ్చు. మొదటిది గుండు "కూర్చోవడం": ఎక్కడం ఆగి, దిగడం మొదలవక ముందు, ఆ నిలకడ క్షణంలో పేలిందా? లోపలి వత్తి పొడుగైతే గుండు దిగుతుండగా పేలుతుంది, పొట్టిదైతే ఇంకా ఎక్కుతుండగానే. రెండు సందర్భాల్లోనూ గుండ్రం ఒకవైపు లాగినట్టు అవుతుంది. రెండోది "బోన్", అంటే పళ్లెం: పువ్వు నిండుగా, నిజంగా గుండ్రంగా ఉందా? ఎక్కడైనా ఒక రేకు లేక ఖాళీ కనిపిస్తే అక్కడి మందు ఉండ అంటుకోలేదన్నమాట. మూడోది లోపలి వలయాలు. వీటిని "షిన్" అంటారు. పేలినప్పుడు లోపలి వలయం మధ్యలో లేకుండా పక్కకు జరిగితే ఉండలు పేర్చడంలోనే తప్పు జరిగింది. నాలుగోది ఆరిపోయే తీరు. రంగులు మారి మారి చివర్లో అన్ని ఉండలూ ఒక్కసారిగా, దీపం ఆర్పినట్టు మాయమవ్వాలి. అక్కడొకటి ఇక్కడొకటి మిణుకుమిణుకుమంటూ మిగిలితే మార్కులు పోయినట్టే. ఉండలను పొర మీద పొర మందు పూసి, ఎండబెట్టి, మళ్లీ పూసి పెంచుతారు. ఏ ఒక్క పొర మందం తేడా వచ్చినా ఆ సంగతి ఈ చివరి క్షణంలో బయటపడుతుంది. నాలుగింటిలో కంటికి అలవాటు చేసుకోవాల్సింది ఇదే.

వలయాల పేర్లలో ఒక తికమక ఉంది. "యాయెషిన్" రాతలో ఎనిమిది అంకె ఉంటుంది, కానీ దానిలో లోపలి వలయాలు రెండే, బయటిదానితో కలిపి మూడు. "మియెషిన్" అంటే లోపల మూడు, మొత్తం నాలుగు. ఆ పైన "యోయెషిన్", "ఇత్సుయెషిన్". ఇత్సుయెషిన్‌లో మొత్తం ఆరు వలయాలు, 30 సెంటీమీటర్ల గుండులో. మైకులో పేరు చెప్పగానే వలయాలు లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉండండి. దొరికేది ఐదారు సెకన్లే.

ఓమగారి పేరు నిలబెట్టిన రెండో అంశం సృజన బాణసంచా. 1964లో సాతో ఇసావో ఆలోచనతో ఇది పోటీలో చేరింది. బాణసంచా గుండ్రంగానే ఎందుకుండాలి అన్నదే ఆ ఆలోచన. ఒక్కో జట్టు రెండున్నర నిమిషాల్లో, ఒక శీర్షిక పెట్టుకుని, సంగీతంతో, ఆకారాలతో, ఖాళీలతో ఒక భావం చెప్పాలి. జపాన్‌లో ఇప్పుడు ప్రతి ఊళ్లో కనిపించే ఆకారాల గుండ్లకు ఈ పోటీ పెద్ద ఊపునిచ్చింది. చామంతి గుండు గోళం కాబట్టి ఎటునుంచి చూసినా గుండ్రమే. సీతాకోకచిలుకలాంటి ఆకారపు గుండు అట్టముక్కలా చదును. పక్కనుంచి చూస్తే గీతలాగే కనిపిస్తుంది. అందుకని ఓమగారిలో డబ్బు పెట్టాల్సింది మధ్యభాగపు సీటు మీద. ముందు వరస చివరి మూల కన్నా వెనక వరస నడిమధ్య ఎప్పుడూ మేలు.

సాయంత్రం ఐదు దాటగానే వెళ్లి కూర్చోండి. పగటి బాణసంచాకు పోటీ పెట్టే జాతీయ స్థాయి పండుగ ఇదొక్కటే. వెలుతురులో మంట కనపడదు కాబట్టి రంగుల పొగతో ఆకాశంలో గీతలు గీస్తారు. అరుదైన విద్య, చాలామంది దారిలో అంగళ్ల దగ్గరే ఉండి పోగొట్టుకుంటారు. ఇక పోటీకి చెందని "పండుగ కానుక" ప్రదర్శన మధ్యలో ఒకసారి వస్తుంది. స్థానిక పనివాళ్లు కలిసి ఏటా కొత్త ఇతివృత్తంతో చేసే ఐదారు నిమిషాల పెద్ద ప్రదర్శన అది. చివర్లో జనం ఏటికి అవతల ఉన్న పనివాళ్ల వైపు దీపాలు ఊపుతారు, అటునుంచి వాళ్లూ ఊపుతారు. అది అయ్యేదాకా లేవవద్దు.

కష్టమంతా ప్రయాణంలోనే. టోక్యో నుంచి కొమాచి రైల్లో మూడు గంటలకు పైగా, సీట్లన్నీ రిజర్వేషనే. ప్రదర్శన తొమ్మిదిన్నర ప్రాంతంలో ముగుస్తుంది కాబట్టి ఆ రాత్రే టోక్యో చేరాలనుకోవద్దు. ఓమగారి హోటళ్లు ఏడాది ముందే నిండుతాయి. అకితా, మోరియోకా, సెందాయి నగరాల్లో గది తీసుకుని ప్రత్యేక రైళ్ల మీద ఆధారపడడం ఆచరణయోగ్యం.

త్సుచియురా: నవంబరు మొదటి శనివారం

టోక్యోలో ఉద్యోగం చేసుకుంటూ, మర్నాడు ఇంట్లో ఉండాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. ఉయెనో నుంచి ఎక్స్‌ప్రెస్‌లో ముప్పావుగంట, మామూలు రైల్లో గంటా పది నిమిషాలు. 1925లో జిన్ర్యూజి గుడి పూజారి అకిమోతో బైహో దీన్ని మొదలుపెట్టారు. పక్కనే ఉన్న కసుమిగావురా నౌకాదళ విమాన కేంద్రంలో చనిపోయినవాళ్ల ఆత్మశాంతి, డీలాపడిన ఊరి దుకాణాలకు ఊపిరి, రెండూ ఆయన ఉద్దేశాలే.

ఇక్కడి గొప్ప స్టార్‌మైన్, అంటే వరసగా కాల్చే గుండ్ల కూర్పు. ఒక్కో జట్టుకు రెండున్నర నిమిషాలు, వాడే గుండ్లు 4వ నంబరు లోపువే. చిన్న గుండ్లు కాబట్టి పరిమాణంతో మెప్పించడం కుదరదు. లయతోనే మెప్పించాలి. మంచి స్టార్‌మైన్‌లో మౌనం కూడా కొలిచి పెట్టినట్టుంటుంది. కిందినుంచి పులితోకలు లేస్తాయి, వాటి మీద చిన్న చిన్న పూలు గుత్తులుగా విచ్చుకునే "సెన్రిన్", ఒక్క క్షణం చీకటి, తర్వాత బంగారు జలతారులా కిందికి జారే "కమురో". చెడ్డదానిలో అన్నీ ఒకేసారి లేచి పొగ కమ్ముకుంటుంది, ఆ తర్వాతి రంగులన్నీ పొగ వెనకే కాలిపోతాయి.

పిడికిలి లెక్క గుర్తుంచుకోండి. 160 మీటర్ల ఎత్తులో విచ్చుకునేవాటిని కిలోమీటరున్నర దూరం నుంచి చూసి లాభం లేదు. నగావోకాలో వెనక్కి వెళ్లమన్నాం, ఇక్కడ మాత్రం డబ్బు పెట్టి సకురా నది గట్టు మీద దగ్గరి సీటు తీసుకోండి. నవంబరు గాలి పొడిగా, తేటగా ఉండి రంగులు ఆగస్టుకన్నా శుభ్రంగా కనిపిస్తాయి. కానీ ఏటి గట్టు మీద రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, స్వెటర్ ఒక్కటీ చాలదు. కింద వేసుకోవడానికి మందపాటి పరుపుచాప, కాళ్లకు దుప్పటి తప్పనిసరి. రద్దు ప్రమాదాన్నీ లెక్కలో వేసుకోండి. 2024లో వాన వల్ల ఆ రోజు జరగలేదు, వాయిదా రోజులకు భద్రతా సిబ్బంది కుదరక మొత్తమే రద్దయింది.

కతకాయి: సెప్టెంబరు 9, 10

నగావోకా పక్కనే ఉన్న ఓజియా నగరంలోని చిన్న ఊరిది. ఇక్కడ బాణసంచా అసహరా గుడికి మొక్కు. మూడు షాకుల గుండును 1891లోనే కాల్చామని కతకాయివాళ్లు చెప్పుకుంటారు. 1985లో నాలుగు షాకుల గుండు విజయవంతమైంది: వ్యాసం 120 సెంటీమీటర్లు, బరువు 420 కిలోలు, 800 మీటర్ల ఎత్తులో దాదాపు అంతే వ్యాసపు పువ్వు. బరువు రికార్డులు తర్వాత చేతులు మారాయి. 2014లో సైతామా జిల్లా కోనోసులో 464.8 కిలోల గుండు, 2020లో అమెరికాలోని కొలరాడోలో 1,270 కిలోలది. అయినా ఏటా రెండు రాత్రులూ పదింటికి నాలుగు షాకుల గుండు కాల్చే ఊరు ఇదే.

ఇక్కడ కళ్లతో పాటు చెవులూ అవసరం. ప్రతి గుండుకు ముందు మైకులో దాన్ని మొక్కుకున్నవాళ్ల మాట చదువుతారు: బిడ్డ పుట్టిందని, పెళ్లయిందని, తండ్రి పోయాడని. బడిలో కలిసి చదివినవాళ్లు జట్టుగా చందాలు వేసుకుని ఇరవై ఏళ్లకు, నలభై రెండేళ్లకు, అరవై ఏళ్లకు పెద్ద ప్రదర్శనలు ఇస్తారు. అరవై మన షష్టిపూర్తిలాంటిదే, అరవై ఏళ్ల చక్రం తిరిగి మొదటికొచ్చిన గుర్తు. జపనీస్ కొంచెమైనా అర్థమయ్యేవాళ్లు, లేదా అర్థమయ్యే స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్లగలవాళ్లు ఇక్కడికే వెళ్లాలని మా గట్టి అభిప్రాయం. ఒక ఊరి బతుకంతా ఆకాశంలో చదివినట్టుంటుంది. భాష అసలు రాకపోతే ప్రదర్శనల మధ్య ఎడం ఎక్కువనిపిస్తుంది.

ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. పదింటి గుండు చూశాక బస్సు దొరికి, రైలు దొరికి, గది చేరాలి. నగావోకాలో గది, తిరుగు బస్సుకు ముందే టికెట్, ఈ రెండూ చేతిలో లేకపోతే వెళ్లవద్దు.

కుమానో, తర్వాత టోక్యో సంగతి

మియే జిల్లా కుమానోలో ఆగస్టు 17న జరిగేది సముద్రపు బాణసంచా, మూలం బోన్ పండుగలో పితరులకు చేసే అర్పణ. వేగంగా దూసుకుపోయే పడవల్లోంచి వత్తి అంటించిన గుండ్లను నీళ్లలోకి విసిరేస్తారు. తెప్ప మీద పెట్టిన మూడు షాకుల గుండు నీటి మీదే పేలి, సగం గోళం ఆకారంలో వెలుగు లేస్తుంది. చివర్లో ఒనిగాజో రాతిగుహల దగ్గర గుండ్లను నేల మీదే పేలుస్తారు, బండలు ఆ చప్పుణ్ణి తిప్పికొడతాయి. ఒంటికి తగిలే శబ్దం కావాలంటే దీనికి సాటి లేదు. కానీ అలలు పెద్దవైతే వాయిదా పడుతుంది, అలా జరగడం మామూలే. విమానం టికెట్లు బిగించుకుని వచ్చినవాళ్లకు తగదు.

సుమిదా పండుగ 1733లో, కరువులో పోయినవాళ్ల కోసం మొదలైందని చెబుతారు. కగియా, తమయా అనే రెండు బాణసంచా ఇళ్ల పోటీ అక్కడిదే. 1843లో తమయాలో మంటలు లేచి ఆ ఇల్లు ఎదో (టోక్యో పాత పేరు) నుంచి వెళ్లగొట్టబడినా, జనం ఇప్పటికీ "తమయా..." అని కేకలు వేస్తారు. ఆ రోజుల్లో రంగు బొగ్గు నిప్పు ఎరుపొక్కటే. పొటాషియం క్లోరేట్ వచ్చాకే పచ్చ, నీలం, ముదురు ఎరుపు సాధ్యమయ్యాయి. రాకపోకల రద్దీ, నది మురికి వల్ల 1960ల మొదట్లో ఆగి, 1978లో మళ్లీ మొదలైంది. చరిత్ర కోసం ఒకసారి వెళ్లవచ్చు, ఆకాశం కోసమైతే వద్దు. భవనాల సందుల్లోంచి చూడాలి, పోలీసులు నిలబడనివ్వకుండా నడిపిస్తూనే ఉంటారు.

నిషికసాయి చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఇంటి దగ్గరే ఇంతకన్నా మంచిది ఉంది, ఆగస్టు మొదటి శనివారం ఎదోగావా పండుగ. 1976లో మొదలైంది. దీనికి పేరు తెచ్చింది ఆరంభమే, 5 సెకన్లలో 1,000 గుండ్లు. గట్టు విశాలం, పిల్లలతో కూర్చోవడం సులువు. పెద్ద పండుగకు వెళ్లే ముందు కళ్లకు, కెమెరాకు, పిల్లల ఓపికకు ఇది మంచి పరీక్ష.

తేల్చుకోవడం ఇలా

జీవితంలో ఒక్కసారే వస్తున్నారు, భాష రాదు, వెంట అమ్మానాన్నలున్నారు: నగావోకా, కుడి గట్టు, వెనక వరస. తేదీ మారదు, వాన ఆపదు, మాట అర్థం కాకపోయినా మనసుకు చేరుతుంది. చేతిపనిని ఇష్టపడేవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు: ఓమగారి, నడిమధ్య సీటు. టోక్యోలో ఉంటూ ఒక్క సాయంత్రమే ఖాళీ: త్సుచియురా, దగ్గరి సీటు. జపాన్‌లో కొన్నేళ్లుగా ఉండి రెండు మూడు పండుగలు చూసేసినవాళ్లు: కతకాయి. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఈ ఏడాదికి ఎదోగావా చాలు.

సీటు గట్టు మీద ఎటు ఉండాలన్నది గాలిని బట్టి. గాలి వచ్చే వైపు వీపు పెట్టి కూర్చునే చోటు దొరికితే పొగ మీకు దూరంగా పోతుంది. ఎదురుగాలిలో కూర్చుంటే పొగతో పాటు కాలిన కాగితపు ముక్కలు, బూడిద మీద రాలతాయి. అవి గుండు పై పొరలు. కళ్లజోడు ఉంచుకోండి, తిండి మూసిపెట్టండి. అసలు గాలే లేని రాత్రి అన్నిటికన్నా చేటు, మొదటి పది నిమిషాల పొగ చివరిదాకా వేలాడుతుంది.

అంగళ్లలో శాకాహారం దాదాపు దొరకదు, కూరగాయల నూడుల్స్‌లోనూ చేప పొడి పడుతుంది. ఉదయం కలిపిన పులిహోర ఆగస్టు ఎండలోనూ రాత్రికి నిలుస్తుంది. మరుగుదొడ్ల వరస ప్రదర్శన మొదలయ్యే ముందు అరగంట చాలా పొడుగు, మధ్యలో చిన్న ప్రదర్శనలప్పుడు వెళ్తే త్వరగా పనవుతుంది.

ఫొటోలకు: ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 11 దగ్గర, షట్టర్ బల్బ్‌లో పెట్టి గుండు లేచినప్పటి నుంచి ఆరేదాకా 4 నుంచి 8 సెకన్లు తెరిచి ఉంచండి. స్టార్‌మైన్‌కు 2 సెకన్లు దాటితే మధ్యభాగం తెల్లగా మాడిపోతుంది. ఫీనిక్స్ మొత్తం ఒక్క ఫ్రేములో పట్టాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 14 మిల్లీమీటర్ల లెన్సు, వరస నుంచి కనీసం 800 మీటర్ల దూరం కావాలి. అది వెలుగు ఎక్కువ ఉన్న ప్రదర్శన కాబట్టి వెలుగు తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ దగ్గర ఉంచుకోండి. ఫోకస్ మొదటి గుండు మీదే సరిచేసి, ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చి, లెన్సు రింగు మీద ఒక టేపు ముక్క అంటించేయండి.